బాపు రాసిన కోబాల్, నా లినక్స్

ప్రశ్న: మా బాపు ఎనుమాముల మార్కెట్ దగ్గర ఓ అడ్తి దుకాణం లెక్కల కోసం అప్పట్లో కోబాల్‌లో ప్రోగ్రాం రాసిండు. దాని ప్రింటు చూసి మళ్లీ టైప్ చేసి, ఉబుంటు లినక్స్‌లో గ్నూకోబాల్ అనే ఉచిత కంపైలర్‌తో (కోడ్‌ని కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చే సాఫ్ట్‌వేర్) కంపైల్ చేస్తే మొదటి లైన్లోనే ‘ఏడో కాలమ్‌లో ఎఫ్ చెల్లదు’ అంటోంది. ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: టెన్షన్ వద్దు, బాపు తప్పేం లేదు. కోబాల్ పంచ్ కార్డుల కాలం భాష, మొదటి ఆరు కాలమ్‌లు వరుస నంబరుకి, ఏడోది ఆ లైను ఏ రకమో చెప్పే గుర్తుకి, అసలు కోడ్ ఎనిమిది నుంచి డెబ్బై రెండు దాకా. మీరు ఎడమ అంచు నుంచే టైప్ చేశారు కాబట్టి మొదటి లైన్లోని ‘ఐడెంటిఫికేషన్’ (IDENTIFICATION)లో ఏడో అక్షరం ఎఫ్ వెళ్లి ఆ గుర్తు గడిలో కూర్చుంది! ప్రతి లైనుకీ ముందు ఏడు ఖాళీలు పెట్టండి, నక్షత్రం గుర్తుతో (*) మొదలయ్యే కామెంట్లకు, అంటే వివరణ లైన్లకు మాత్రం ఆరు. అంత ఓపిక లేకపోతే గ్నూకోబాల్‌ని నడిపే కాబ్‌సీ (cobc) కమాండ్‌కి ‘హైఫన్ ఫ్రీ’ (-free) జోడించండి, కానీ అప్పుడు కామెంట్లలో నక్షత్రం పక్కన ‘గ్రేటర్ దేన్’ గుర్తు కూడా (*>) ఉండాలి.

అదే కమాండ్‌లో ‘హైఫన్ ఎక్స్’ (-x) మరవకండి, అది లేకపోతే నేరుగా నడిచే ఫైల్ రాదు, సొంతంగా నడవని మాడ్యూల్ వస్తుంది. గ్నూకోబాల్ మీ కోడ్‌ని ముందు సీ భాషలోకి మార్చి తర్వాత కంపైల్ చేస్తుంది కాబట్టి సీ కంపైలర్ కూడా ఉండాలి.

పాత ఫ్లాపీల్లో డేటా దొరికితే మాత్రం అసలు తంటా అక్కడే, వేరే కంపైలర్ చేసిన ఇండెక్స్ ఫైళ్లు (రికార్డుల్ని త్వరగా వెతికేలా అమర్చిన డేటా ఫైళ్లు) ఇందులో నేరుగా తెరుచుకుంటాయని ఆశపడకండి.