వాగ్దాన కార్డులు పంచే ముందు

టెక్కలి

చిన్నా,

డిసెంబరు 31 రాత్రి కవిటి వైపు సంఘంలో తొలి సందేశం నీదేనని మీ అమ్మ ఫోన్ చేసింది. మీ పెద్దమ్మకి రెండుసార్లు చెప్పుకుని మురిసిపోయాను. అంశం "సందేహిస్తే వాగ్దానం పోతుంది" అట. అది విన్నప్పట్నుంచి నిద్ర లేదు.

ముందు చిన్నవి. అరగంట దాటకు. మైకు సాయంత్రమే చూసుకో. సముద్రపు గాలి, మఫ్లర్ మర్చిపోకు.

తిత్లీ తుఫాను వచ్చిన ఏడు, 2018లో, అదే రాత్రి అదే మందిరంలో నేనున్నాను. అక్టోబరులో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి. మందిరానికి ఇంకా టార్పాలినే. కొత్త ఏడాదికని తలా ఒక బైబిలు వాగ్దానం రాసిన కార్డులు పళ్లెంలో పెడితే తలొకటి తీసుకున్నారు. ఒకామెకి యిర్మీయా 30:17 వచ్చింది, గాయాలు మాన్పుతానన్న మాట. అది చెరపోయిన జనం గురించి, సీయోను, అంటే యెరూషలేము గురించి చెప్పింది. కార్డు మీద ఆ సంగతి ఉండదు కదా. ఆమె భర్తకి కిడ్నీలు పోయి ఆటోలో డయాలిసిస్‌కి తిరుగుతున్నాడు. ఉద్దానంలో ఆ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఆమె కార్డు పట్టుకొచ్చి, "అయ్యగారూ, ఇది మాకేనా? నిజంగా తగ్గుతాదా?" అంది.

టీ చల్లారిపోతోందని నా తొందర నాది. "జెకర్యా ఇలాగే అడిగి మూగవాడయ్యాడమ్మా, సందేహం రానివ్వకు" అనేసి వెళ్ళిపోయాను.

ఆమె మళ్ళీ అడగలేదు. ఎండాకాలంలో ఆయన పోయాడు. సమాధి దగ్గర నా చెయ్యి పట్టుకుని, "ఆ రాత్రి నేను అడక్కపోతే బతికుండేవారా?" అంది. అన్నేళ్ళ సేవ చేసినవాణ్ణి, నోట మాట రాలేదురా. జెకర్యా మూగతనం నాకు పట్టింది.

ఇంటికొచ్చి లూకా మొదటి అధ్యాయం తీశాను. ముసలితనంలో బిడ్డ పుడతాడని దూత చెప్తే నమ్మలేక అడిగిన జెకర్యాకి మాట పోయింది, నిజమే. బిడ్డ మాత్రం ఆగలేదు. దెబ్బ అతని నోటికి తగిలింది గానీ వాగ్దానానికి కాదు. మరియ కూడా ఇదెలా జరుగుతుందనే అడిగింది, ఆమెకి జవాబు దొరికింది. ముసలిదానికి బిడ్డేంటని శారా నవ్వింది, అయినా ఇస్సాకు పుట్టాడు. మర్నాడే వెళ్ళి, "నీ ప్రశ్న ఆయన్ని చంపలేదమ్మా, తప్పు నాది" అన్నాను. తలూపింది. నమ్మిందో లేదో.

ఇశ్రాయేలీయులు దేవుడిస్తానన్న దేశంలోకి వెళ్ళకుండా వెనకాడిన కాదేషు సంగతి నువ్వు ఎత్తుతావని తెలుసు. ఆ దేశం చూసొచ్చిన 12 మంది వేగులవారు, ఆ తర్వాత 40 ఏళ్ళ అరణ్యం. చెప్పు, దాచకు. అయితే వాళ్ళకి శిక్ష పడింది అడిగినందుకు కాదు, మేం వెళ్ళం అని మొండికేసి ఐగుప్తుకి తిరిగిపోదామన్నందుకు. అప్పుడు కూడా దేశం చేజారలేదు, పిల్లలకి దక్కింది. యాకోబు 1:6లో సందేహించేవాడు కెరటంలాంటి వాడన్న మాటా వాడతావు, బారువ కెరటాలు చూసి పెరిగినవాడివి. దాని పైనే 5వ వచనం ఉంది, అడిగినవాణ్ణి గద్దించకుండా ఇచ్చే దేవుడని. అది మింగేసి ఇది చెప్పావో, పెదనాన్న ఊరుకోడు.

డయాలిసిస్ మానేశాను, మందులు మానేశాను అని ఎవరైనా సాక్ష్యం మొదలుపెడితే మైకు తీసేసుకో. గొడవైతే నా పేరు చెప్పు.

ఆమె ఇప్పటికీ ఎడమవైపు రెండో వరసలో, చాప మీద కూర్చుంటుంది. కార్డు తీసుకోదు, పళ్లెం పక్కావిడకి జరుపుతుంది. బలవంతం చెయ్యకు నాన్నా. ఆమె ఏమైనా అడిగితే మాత్రం కూర్చుని విను. టీ చల్లారిపోతే పోనీ.

నీ పెదనాన్న