ముందు బ్రేక్ ప్యాడ్లు ఇంట్లో మార్చుకోవచ్చా? లోపలి ప్యాడ్ ఒక్కటే ఎందుకు అరిగింది?

ముందు చక్రాల ప్యాడ్లు ఇంట్లోనే మార్చుకోవచ్చా, ఒక చక్రానికి లోపలి ప్యాడ్ ప్లేటు దాకా అరిగిపోయి బయటిది సగానికి పైగా ఎలా మిగిలింది అని అడిగారు. మార్చుకోవచ్చు. కానీ రెండో ప్రశ్న తేల్చకుండా కొత్తవి వేస్తే అవీ అలాగే అరుగుతాయి. అందుకే ముందు దాని సంగతి.

చాలా కార్లకు ముందు ఉండేది ఒకే పిస్టన్ కాలిపర్, అంటే చక్రంతో తిరిగే డిస్క్‌ని రెండు ప్యాడ్ల మధ్య బిగించే పట్టు. పెడల్ తొక్కితే పిస్టన్ లోపలి ప్యాడ్‌ని డిస్క్ మీదికి నెడుతుంది, ఆ ఒత్తిడికి కాలిపర్ రెండు స్లైడ్ పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ని లాక్కొస్తుంది. పిన్నుల్లో గ్రీజు ఎండిపోయినా, రబ్బరు బూటు చిరిగి నీళ్లు దూరి తుప్పు పట్టినా కాలిపర్ జరగదు, అరుగుదలంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది. పిస్టన్ పట్టేసి వెనక్కి రాకపోయినా ఫలితం ఇదే. ఏది కారణమో విప్పితే తెలుస్తుంది.

చదునైన గట్టి నేల మీద బండి ఆపి, గేరులో వేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక చక్రాలకు అడ్డు పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లు అర చుట్టు వదులు చేయాలి. జాకీతో లేపాక కింద జాక్ స్టాండ్ తప్పనిసరి. కారుతో వచ్చే జాకీ చక్రం మార్చుకోవడానికే, దాన్ని నమ్మి ఏ పనీ చేయొద్దు. రెండు వైపులా ప్యాడ్లు మార్చాల్సిందే, కానీ ఒకసారి ఒక వైపే విప్పండి. క్లిప్పులు ఎలా కూర్చుంటాయో అనుమానం వస్తే రెండో వైపు చూసుకోవచ్చు.

స్టీరింగ్ తిప్పితే కాలిపర్ వెనక భాగం చేతికందుతుంది. చాలా బండ్లలో కింది పిన్ను బోల్టు ఒక్కటి తీసి కాలిపర్‌ని పైకి తిప్పితే చాలు. బోల్టుతో పాటు పిన్ను కూడా తిరుగుతుంటే సన్న స్పానర్‌తో పిన్నుని పట్టుకోండి. కాలిపర్ పూర్తిగా ఊడితే తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకి కట్టాలి. హోస్ (బ్రేక్ ఫ్లూయిడ్ వచ్చే రబ్బరు గొట్టం) మీద వేలాడితే హోస్ లోపల దెబ్బతింటుంది, అది పైకి కనపడదు.

పిన్నుల దగ్గర తొందరపడకండి. రెండూ బయటికి లాగి పాత గ్రీజంతా తుడవండి. నున్నగా ఉంటే సరే, గుంటలు పడితే కొత్తవి వేయాలి. పై పిన్ను, కింది పిన్ను కొన్ని బండ్లలో వేరువేరుగా ఉంటాయి, ఒకదానికి చివర రబ్బరు తొడుగు ఉంటుంది, కాబట్టి తారుమారు చేయొద్దు. బ్రేకుల కోసమే తయారైన సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. బేరింగులకు వాడే మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి కొన్నాళ్లకు పిన్ను మళ్లీ బిగుసుకుంటుంది. మరీ ఎక్కువ కూరినా గ్రీజు, గాలి లోపల చిక్కుకుని పిన్ను పూర్తిగా దిగదు. సరిగ్గా కుదిరిన పిన్ను వేళ్లతో నెడితే సాఫీగా వెళ్లాలి.

ప్యాడ్ చెవులు కూర్చునే చోట స్టీలు క్లిప్పులు తీసి, కింది తుప్పుని వైర్ బ్రష్‌తో గీకేయండి. తుప్పు క్లిప్పుని పైకి లేపి ప్యాడ్‌ని బిగించేస్తుంది, సరిగా అరక్కపోవడానికి ఇదీ ఒక కారణమే. ఆ దుమ్ముని ఊదకండి, ఊపిరితిత్తులకు మంచిది కాదు. బ్రేక్ క్లీనర్ కొట్టి తడిగా తుడవండి.

ఇక పిస్టన్. పాత ప్యాడ్‌ని అడ్డు పెట్టి సీ-క్లాంప్‌తో నెమ్మదిగా నెట్టండి. ముందే ఫ్లూయిడ్ డబ్బా మూత తీసి మట్టం చూసుకోవాలి, మాక్స్ దగ్గరుంటే కొంచెం తోడేయండి, లేకపోతే పొంగుతుంది. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి. పిస్టన్ కదలకపోతే కాలిపర్ మీద గాలి తీసే బ్లీడర్ నిప్పిల్‌కి ట్యూబు తగిలించి కొద్దిగా వదులు చేసి మళ్లీ నెట్టండి. ఇప్పుడు సులువుగా వెళ్తే హోస్ లోపల మూసుకుపోయి ఉండే అవకాశం ఎక్కువ, అప్పుడూ కదలకపోతే పిస్టన్ పట్టేసింది. నిప్పిల్ విప్పారంటే చివర్లో గాలి తీయక తప్పదు.

డిస్క్ మీద కనీస మందం మిల్లీమీటర్లలో ముద్రించి ఉంటుంది. అంచున అరగని గట్టు ఉంటుంది కాబట్టి వెర్నియర్‌తో కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది, మైక్రోమీటర్ వాడండి. ప్యాడ్ ముఖం మీద, డిస్క్ మీద గ్రీజు గానీ జిడ్డు వేళ్లు గానీ తగలకూడదు. కొత్త ప్యాడ్లలో అరుగుదల తెలిపే చిన్న రేకు ఉన్నది మామూలుగా లోపలి వైపు వస్తుంది, పాతది ఎటుందో చూసి అలాగే పెట్టండి.

పిన్ను బోల్టులు చిన్నవి, వాటికి సాధారణంగా 25 నుంచి 35 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. అసలు అంకె మీ బండి మాన్యువల్‌లో చూసుకోండి. బలంగా బిగిస్తే తెగుతాయి. హోస్ మెలి పడలేదని చూసి చక్రం వేసి, బండి దించాక నట్లు ఎదురెదురుగా బిగించండి.

స్టార్ట్ చేసే ముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. ఇది మరిస్తే మొదటి తొక్కు నేలదాకా పోతుంది, బండి ఆగదు. తర్వాత కొత్త ప్యాడ్లు డిస్క్‌కి కుదురుకోవడానికి ఖాళీ రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి 10 దాకా ఓ మోస్తరుగా తగ్గించడం ఓ ఎనిమిది సార్లు చేయండి, మధ్యలో కొంచెం దూరం నడిపి చల్లారనివ్వండి, వేడి మీద పూర్తిగా ఆపి పెడల్ నొక్కి ఉంచొద్దు. అది అయ్యాక పెద్దగా బ్రేక్ వేయకుండా కొంత దూరం నడిపి, ముట్టుకోకుండా రెండు చక్రాల దగ్గర అరచెయ్యి పెట్టి వేడి పోల్చండి. ఒకటి బాగా వేడిగా ఉంటే అక్కడ ప్యాడ్ ఇంకా పట్టుకునే ఉంది, పిన్నులు, పిస్టన్, హోస్ మళ్లీ చూడాలి.

వెనక డిస్కులకు మాత్రం ఈ క్లాంప్ పద్ధతి వాడకండి. హ్యాండ్ బ్రేక్ కాలిపర్‌లోనే కలిసి ఉన్న బండ్లలో పిస్టన్‌ని తిప్పుతూ నెట్టాలి, ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉంటే ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. బలవంతంగా నెడితే లోపలి యంత్రాంగం విరుగుతుంది.