జవాబు దొరికేదాకా రాయి, తమ్ముడూ

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. శాసనసభ కమిటీ కాకినాడ వచ్చినప్పుడు సభ్యులు కాలువ పనుల మీద ఒక పెద్ద ఇంజినీరును ఎలా నిలదీశారో వేడివేడిగా రాశావు. ఆయన నుదుటి మీద చెమట, చేతిలో వణికే ఫైలు, బల్ల గుద్దిన ఎమ్మెల్యే, అన్నీ ఉన్నాయి. వాళ్లు ఏం అడిగారు, ఆయన ఏం చెప్పాడు అన్నది మాత్రం లేదు. శివారు పొలానికి నీళ్లందని రైతు నీ వ్యాసంలో వెతికేది ఆ జవాబునే. పైగా నువ్వు ఆ గదిలో లేవు. బయటకొచ్చిన ఒక సభ్యుడు చెప్పింది విని, చెమట నువ్వు కలిపావు. ఆ చెమట తీసెయ్.

ఫోన్లో అమెరికా సెనేట్ విచారణలు చూసి ఈ ఊపు వచ్చిందన్నావు. అక్కడ చాలావరకు కెమెరాల ముందే జరుగుతాయి. మన పార్లమెంటు కమిటీలైనా, శాసనసభ కమిటీలైనా తలుపులు వేసుకునే కూర్చుంటాయి. నాకు ఇది ఎప్పుడూ బాధే. జనం డబ్బు లెక్క జనం వినేలా అడగాలి. కానీ తలుపు తెరిచేదాకా మన చేతికొచ్చేది కాగితమే కాబట్టి ఆ కాగితం చదవడం నేర్చుకో.

ప్రభుత్వ ఖర్చుల్ని తనిఖీ చేసే కాగ్ ఇచ్చే నివేదిక రాజ్యాంగం 151వ అధికరణ ప్రకారం గవర్నరు ద్వారా సభ ముందుకొస్తుంది. అక్కడి నుంచి ఆ లెక్కలు చూసే శాసనసభ కమిటీకి, అంటే పీఏసీకి (ప్రజా పద్దుల కమిటీ), వెళ్తుంది. శాఖ రాతపూర్వకంగా వివరణ ఇవ్వాలి, కార్యదర్శి వచ్చి కూర్చుని సమాధానం చెప్పాలి, కమిటీ సిఫార్సులు చేశాక వాటి మీద ఏం చేశారో శాఖ మళ్లీ రాసివ్వాలి. అంతా జారిపోయేది ఈ ఆఖరి మెట్టు దగ్గరే. ‘చర్యలు తీసుకుంటున్నాం’ అన్న ఒక్క ముక్కతో ఏళ్లు దొర్లిపోతాయి. అప్పటికి సంతకం పెట్టినాయన రిటైరై ఉంటాడు, కుర్చీలో కూర్చుని మాటలు పడేది కొత్తగా వచ్చినాయన. అందుకే మనిషిని వదిలి సంతకాన్ని పట్టుకో. కాలువలో పూడిక తీశామని బిల్లు పెట్టారనుకో. ఎం-బుక్కులో, అంటే పని కొలతల పుస్తకంలో, కొలతలు రాసేది ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు), సరిచూసేది ఆయన పై డీఈ (డిప్యూటీ ఇంజినీరు), బిల్లు పాస్ చేసేది ఆ పై ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు). అమరావతిలో కార్యదర్శిని అడిగిన ప్రశ్న చివరికి ఆ పుస్తకంలో ఒక పేజీ దగ్గర తేలుతుంది. ఇంకో మాట: ఏ పనికి డబ్బు పెట్టాలన్న విధానం మంత్రిది, దానికి అధికారిని తిట్టడం అన్యాయం. ఆ డబ్బు ఎలా ఖర్చయిందో చెప్పాల్సింది అధికారే.

కాటన్ దొర గురించి రాసిన పేరా సరిచేయాలి. 1878లో ఆయన బ్రిటిష్ కామన్స్ సభ కమిటీ ముందు సాక్ష్యం చెప్పిన మాట నిజం. అప్పటికి ఆయనకు దాదాపు 75 ఏళ్లు. మనం ఊరూరా దండలు వేసే ఆ పెద్దమనిషిని కూడా ప్రశ్నలు అడిగారని గుర్తుచేయడం బాగుంది. అయితే ధవళేశ్వరం ఆనకట్టకు అనుమతి కోసమే వెళ్లాడని రాశావు. చాలామంది అలాగే రాసేస్తున్నారు. ఆనకట్ట పని 1847లో మొదలై 1852కే పూర్తయింది. తేదీలు రెండూ పక్కపక్కన పెట్టుకుంటే నీకే తెలిసేది.

2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు వేసిన మోహన్ కందా కమిటీని కూడా శాసనసభ కమిటీల్లో కలిపేశావు. అది ప్రభుత్వం వేసిన కమిటీ, నివేదిక ప్రభుత్వానికే ఇస్తుంది. శాసనసభ కమిటీ నివేదిక సభకు వెళ్తుంది. ఈ తేడా తెలియకపోతే ఎవరి గడప ఎక్కి అడగాలో రైతుకూ తెలియదు.

మన శాసనసభ పీఏసీ అధ్యక్షుడిగా 2024లో భీమవరం ఎమ్మెల్యే పులపర్తి రామాంజనేయులు గారు ఎన్నికయ్యారని, మన డెల్టా మనిషని సంబరంగా రాశావు. సంబరపడు. దాంతోపాటు పార్లమెంటు పీఏసీకి 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుణ్ణి అధ్యక్షుడిగా పెట్టే ఆనవాయితీ ఉందనీ రాయి. ఇక్కడ 2019 తర్వాత ప్రతిపక్షంలో ఉన్న పయ్యావుల కేశవ్ గారు ఆ కుర్చీలో ఉన్నారనీ, ఈసారి అధ్యక్షుడు అధికార కూటమి సభ్యుడనీ, వైసీపీ ఆ ఎన్నికను బహిష్కరించిందనీ రాయి. సొంత కూటమి ప్రభుత్వంలోని కార్యదర్శిని ఎంత గట్టిగా అడుగుతారో చూస్తూ ఉండాల్సింది మనమే. ఎమ్మెల్యే గౌరవానికి దెబ్బ తగిలితే సభలు ఎంత దూరమైనా వెళ్తాయి. 2004 నాటి ఘటనకు ఉత్తరప్రదేశ్ సభ 2023లో ఆరుగురు పోలీసులకు ఒకరోజు శిక్ష వేసింది. కాలువ లెక్కల మీద కూడా అంత పట్టుదల రావాలని నా కోరిక.

భీమవరం దగ్గరి మురుగు కాలువ యనమదుర్రు డ్రెయిన్ గురించి రాసిన ఆ రెండు వాక్యాలే నీ వ్యాసానికి అసలు ప్రాణం. వాటితో మొదలుపెట్టు. ఆ డ్రెయిన్ మీద సభలో ఎవరైనా ప్రశ్న వేశారా, మంత్రి హామీ ఇచ్చారా వెతుకు. సభలో ఇచ్చిన హామీల సంగతి చూడటానికి ప్రత్యేకంగా ఒక కమిటీయే ఉంది. దొరకని కాగితాలు సమాచార హక్కు కింద అడుగు. ఆ ఇంజినీరు గారికి కూడా ఫోన్ చేసి ఆయన మాట రాసుకో. చెప్పనంటే చెప్పనన్నారని రాయి. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యేలోపు రెండో ప్రతి పంపితే, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
అన్నయ్య