మొదటి ఓపెన్‌కు వస్తున్న మేనకోడలికి

అమ్మలూ,

నీకు వీసా వచ్చిందని అక్క నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పింది. ఆ తర్వాత నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. మా నెదర్లాండ్స్‌కు వచ్చి, పదీ పది గళ్ల చెక్కర్స్ బోర్డు మీద, ఎవరైనా పాల్గొనగలిగే ఓపెన్ టోర్నమెంట్‌లో, ఇక్కడివాళ్లతో తొమ్మిది రౌండ్లు ఆడబోతున్నావు. ఇరవై ఏళ్లకు పైగా వారానికో రాత్రి ఇక్కడి క్లబ్బులో ఆడుతున్నాను. మన ఇంట్లోంచి ఇంకొకరు ఈ ఆటకు వస్తారని ఎప్పుడూ అనుకోలేదు. అందుకే ఫోన్‌లో చెప్పి మర్చిపోయే కన్నా తీరిగ్గా రాస్తే మంచిదనిపించింది. విమానంలో మళ్లీ ఒకసారి చదువుకో.

నీ ఆట గురించి నాకు బెంగ లేదు. ఆన్‌లైన్‌లో నువ్వు ఆడినవి చూశాను, కాంబినేషన్లు, అంటే ఒకటి రెండు కాయలు వదులుకుని ఎక్కువ కొట్టే ఎత్తుల వరుసలు, బాగా కనిపెడతావు. నా బెంగంతా టోర్నమెంట్ గురించే. ఒక గేమ్ ఆడటం వేరు, టోర్నమెంట్ ఆడటం వేరు. కాబట్టి ఓపెనింగ్స్ (ఆట మొదట్లో వేసే ఎత్తులు) పక్కన పెట్టి ముందు ఆ పోటీ నియమాల కాగితం చదువు. రౌండ్లు ఎన్ని, గడియారం ఎంత, పాయింట్లు సమానమైతే ఎవరిని ముందు పెడతారు, ఎంత ఆలస్యమైతే ఆట పోయినట్టు లెక్క, డ్రాకు ఎప్పుడు ఒప్పుకోవచ్చు. ఈ ఐదూ నీకు నోటికి రావాలి. పెద్ద పోటీల్లో ఇద్దరూ 40 ఎత్తులు ఆడకుండా డ్రాకు ఒప్పుకోకూడదనే షరతు మామూలే. అది తెలియక పన్నెండో ఎత్తుకే చెయ్యి చాచి ఆర్బిటర్‌తో, అంటే పోటీ నడిపే అంపైర్‌తో, మాట పడినవాళ్లను నేను చూశాను.

ఓపెన్‌లలో స్విస్ పద్ధతి ఉంటుంది. ఎవరూ మధ్యలో ఇంటికి వెళ్లరు. ఓడినా గెలిచినా అన్ని రౌండ్లూ ఆడాల్సిందే. ప్రతి రౌండ్‌లోనూ నీ అన్ని పాయింట్లే ఉన్నవాళ్లతో జత వేస్తారు, ఒకసారి ఆడినవాళ్లతో మళ్లీ వేయరు, తెల్లకాయలూ నల్లకాయలూ వీలైనంత సమానంగా పంచుతారు. మొదటి రౌండ్‌లో మాత్రం ఆటగాళ్ల బలం చూపే రేటింగ్ జాబితాను సగానికి చీల్చి, పై సగంలోవాళ్లకు కింది సగంలోవాళ్లను జత చేయడం మామూలు. నీకు రేటింగ్ లేదు కాబట్టి మొదటి రోజే నీకు పెద్ద ఆటగాడు తగులుతాడు. ఓడితే ఏడవకు. ఆ రాత్రి భోజనం మానేయకు. రెండో రౌండ్‌లో నీలాగే ఓడినవాళ్లే ఎదురొస్తారు, నీ టోర్నమెంట్ నిజంగా అక్కడ మొదలవుతుంది. పైగా నిన్ను ఓడించినవాడు తర్వాత బాగా ఆడితే నీకే లాభం. పాయింట్లు సమానమైనప్పుడు ఇక్కడ ఎక్కువగా సోల్కాఫ్ లెక్క చూస్తారు. అంటే నువ్వు ఆడిన ప్రత్యర్థులందరి పాయింట్ల మొత్తం. కాబట్టి అతను గెలవాలని మనసారా కోరుకో.

ఇప్పుడు అసలు విషయం. గెలిస్తే 2, డ్రా అయితే 1, ఓడితే సున్నా. తొమ్మిది రౌండ్లలో నాలుగు గెలిచి, మూడు ఓడి, రెండు డ్రా చేసినవాడికి 10 పాయింట్లు. మూడే గెలిచి, ఆరు డ్రా చేసి, ఒక్కటీ ఓడనివాడికి 12. ఈ లెక్క నీ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకో. చెక్కర్స్ అంటే టకటకా కాయలు కొట్టుకోవడం అనుకునేవాళ్లకు ఇది నచ్చదు. కానీ ఈ ఆటలో ఇద్దరూ తప్పు చేయకపోతే మామూలుగా డ్రానే వస్తుంది. పైస్థాయికి వెళ్లేకొద్దీ డ్రాలు ఇంకా పెరుగుతాయి. అందుకే కొన్ని టైటిల్ మ్యాచ్‌లలో మామూలు గేమ్ డ్రా అయితే అదే రోజు తక్కువ టైంతో ర్యాపిడ్, అదీ డ్రా అయితే ఇంకా తక్కువ టైంతో బ్లిట్జ్ ఆడిస్తున్నారు. నీ ఓపెన్‌లో అలాంటిది ఉండదు, డ్రా అంటే డ్రానే. కాబట్టి డ్రా వచ్చినందుకు సిగ్గుపడకు. గెలవాలనే తొందరలో సమానంగా ఉన్న ఆటను పాడు చేసుకోవడమే అసలు నష్టం. నేను నా మొదటి మూడు ఓపెన్‌లలో ఈ తప్పే చేశాను. ప్రతిసారీ ఆరో రౌండ్ వచ్చేసరికి అలసిపోయి, బలం లేని చోట బలవంతంగా దాడి చేసి, నాకన్నా చిన్నవాళ్ల చేతిలో ఓడిపోయాను.

రూల్సు నీకు తెలుసు, అయినా రెండు చోట్ల జాగ్రత్త. చిన్నప్పుడు అమ్మమ్మతో పులి-మేక ఆడావు కదా. అక్కడ పులికి మేక దొరికినా కొట్టాలా వద్దా అనేది ఆడేవాళ్ల ఇష్టం. ఇక్కడ ఇష్టం లేదు. కొట్టే వీలుంటే కొట్టి తీరాలి. రెండు దారులుంటే ఎక్కువ కాయలు వచ్చే దారినే కొట్టాలి. కొట్టిన కాయలను మొత్తం కొట్టడం అయ్యాకే బోర్డు మీంచి తీయాలి, మధ్యలో తీయకూడదు. అవి అక్కడే ఉండి నీ రాణి (అవతలి చివరి వరుసకు చేరిన కాయ) దారికి అడ్డం పడవచ్చు. ఈ రూలు మీదే బోలెడు కాంబినేషన్లు పుట్టాయి. నా రెండో సంవత్సరంలో ఒక గేమ్‌లో రెండు కాయలు కొట్టి గెలిచే ప్లాన్ పావుగంట ఆలోచించి వేసుకున్నాను. వేరే మూలలో మూడు కాయలు కొట్టే దారి నాకు కనిపించనే లేదు. ప్రత్యర్థి నెమ్మదిగా వేలితో చూపించాడు. అవి మూడూ కొట్టాను, నా కాయ ఎక్కడో బోర్డు చివరకు పోయి చిక్కుకుంది, ఆట పోయింది. అప్పటి నుంచీ ఎత్తు వేసే ముందు బోర్డును నాలుగు ముక్కలుగా చూసి, ప్రతి ముక్కలోనూ ఎక్కడెక్కడ కొట్టాల్సి వస్తుందో లెక్కపెడతాను. నువ్వూ అలా చెయ్యి, పది సెకన్ల పని.

రెండోది రాణుల ఆట. బోర్డు మీద 5వ నంబరు గడి నుంచి 46వ గడి దాకా పోయే పెద్ద ఐమూల దారి ఉంది కదా, ఆ దారిని నీ ఒంటరి రాణి పట్టుకుని కూర్చుంటే అవతల మూడు రాణులున్నా నిన్ను ఏమీ చేయలేవు. మూడింటికి ఒకటి ఉన్నప్పుడు ఇద్దరికీ చెరి 16 ఎత్తులు, రెండింటికి ఒకటి ఉన్నప్పుడు చెరి 5. అంతలో తేలకపోతే డ్రా. ఇది పుస్తకంలో చదివినప్పుడు చిన్న విషయంలా ఉంటుంది. ఎనిమిదో రౌండ్‌లో, నాలుగు గంటలు కూర్చున్నాక, అవతల మూడు రాణులు కనబడితే మనిషికి గుండె జారిపోతుంది. నాకు అలాగే అయింది. లేచి చేయి కలిపి ఓటమి ఒప్పుకున్నాను. పక్క బోర్డు దగ్గర నిలబడ్డ ఒక ముసలాయన తర్వాత కాఫీ దగ్గర నా భుజం తట్టి, పెద్ద దారి నీ చేతిలోనే ఉంది కదయ్యా అన్నాడు. ఆ ఒక్క పాయింట్ గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఒప్పుకునే ముందు ఒక్క నిమిషం ఆగు. లేచి మంచినీళ్లు తాగి వచ్చి మళ్లీ చూడు.

ఇలా డ్రా అడగాలంటే ఎత్తులు రాసుకునే నీ స్కోర్ షీట్ కూడా కావాలి. ఒకే స్థితి మూడుసార్లు వచ్చిందనీ, కాయ కొట్టకుండా, మామూలు కాయ కదలకుండా రాణులతోనే చెరి 25 ఎత్తులు అయ్యాయనీ ఆర్బిటర్‌కు చూపించాలంటే కాగితం మీద ఉండాలి. ఫోన్‌లో ఆడేవాళ్లకు రాసే అలవాటు ఉండదు. ఈ నెల రోజులూ ఇంట్లో ఆడే ప్రతి గేమ్‌నూ పెన్నుతో రాయి. 32-28, 19-23, 28x19, 14x23 అని గళ్ల నంబర్లు (x అంటే కొట్టడం) చేతికి వచ్చేయాలి. గడియారం చాలాచోట్ల 80 నిమిషాలు, పైగా ప్రతి ఎత్తుకూ ఒక నిమిషం. ఆ అదనపు నిమిషం చూసి ధైర్యపడకు. నాకు తెలిసిన ఒక పద్ధతి చెబుతాను. ఇరవయ్యో ఎత్తు దగ్గర నీ గడియారంలో 50 నిమిషాలు కనిపించాలి. అంతకన్నా తక్కువుంటే మొదట్లో ఎక్కడో అనవసరంగా టైం తిన్నావని అర్థం. టైం అంతా నడిమి ఆటకు దాచుకో. అసలు చిక్కులు అక్కడే.

ఖాళీగా ఉన్నప్పుడు పెద్దవాళ్ల గేములు చూడు. తోన్ సైబ్రాండ్స్ ఇక్కడివాడే, 1972లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. తొందర లేకుండా, ఒత్తిడి కొంచెం కొంచెంగా పెంచడం ఆయన ఆటలో చూడు. సెనెగల్ ఆటగాడు బాబా సీ గేములైతే నీకు పండగే, కాంబినేషన్లంటే అవి. 1963లో సోవియట్ ఆటగాడు ఇసేర్ కూపర్మన్‌తో ఆయన ఆడాల్సిన ప్రపంచ టైటిల్ మ్యాచ్ జరగకుండానే పోయింది. బాబా సీ 1978లో చనిపోయాడు. 1986లో ప్రపంచ సమాఖ్య ఆ కాలానికి ఆయన్నూ ఛాంపియన్‌గా గుర్తించింది. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి. రష్యా ఆటగాడు అలెక్సీ చీజోవ్ పదిసార్లు ప్రపంచ ఛాంపియన్, అతని డ్రాలు కూడా చూడు. గెలిచినవాటికన్నా అవే నీకు ఎక్కువ నేర్పుతాయి.

మనసు చెదరకుండా ఉండటం గురించి ఒక్క సంగతి. 2021లో వార్సాలో మహిళల ప్రపంచ టైటిల్ మ్యాచ్ జరుగుతోంది. డోపింగ్ వ్యవహారంలో రష్యా మీద ఆంక్షలు ఉండటంతో, గేమ్ నడుస్తుండగానే నిర్వాహకులు వచ్చి రష్యా క్రీడాకారిణి తమారా తన్సిక్కుజినా ముందున్న జెండా తీసేశారు. ఆ వీడియో చాలామంది చూశారు. ఎవరిది తప్పు అన్నది పక్కన పెట్టు. గడియారం నడుస్తుండగా ఎదురుగా అంత జరిగినా ఆవిడ మ్యాచ్ వదిలేయలేదు. ఆ మ్యాచ్ చివరికి ఆవిడే గెలిచింది. నీకు ఎదురయ్యేవి అంత పెద్దవి కావు. ఎదుటివాడు కాలు ఊపుతాడు, ఎవరో దగ్గుతారు, ప్రత్యర్థి లేచి హాలంతా తిరుగుతాడు. నువ్వు నీ బోర్డు చూసుకో.

తిండి విషయానికి వస్తే, ఇక్కడ మధ్యాహ్నం రొట్టె, చీజ్, ఇంకేమీ ఉండదు. రెండు రౌండ్లున్న రోజున అది నీకు సరిపోదు. నేను పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టిస్తాను, మీ అత్తకు అప్పుడే చెప్పాను. కాకపోతే గేమ్‌కు ముందు కడుపునిండా తినకు, నిద్ర వస్తుంది. సగం అప్పుడు, సగం ఆట అయ్యాక. ఫోన్ మాత్రం హాల్లోకి తీసుకురావద్దు. మోగితే గేమ్ పోగొట్టుకోవాల్సి రావచ్చు. నాకు ఇచ్చెయ్యి, నేను బయట కూర్చుంటాను.

అక్కకు చెప్పు, స్వెటర్ ఒకటి పెట్టమని. ఎండాకాలమే అయినా సాయంత్రాలు చలిగా ఉంటుంది. స్కిపోల్ విమానాశ్రయంలో దిగాక బయట ఎక్కడికీ పోకు, సామాను వచ్చే ద్వారం దగ్గరే నిలబడు. నేను గంట ముందే వచ్చి ఉంటాను. ఇంటికి వెళ్లేసరికి బోర్డు వేసి ఉంటుంది. ఈసారి తెల్లకాయలు నీవి.

మీ మావయ్య