తాత ట్రాక్టరును మళ్ళీ నడిపించబోతున్న అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి పెదనాయన ఆశీర్వదించి వ్రాయునది.

చంద్రగిరి ఇంటి వెనుక కొట్టంలో పదకొండేళ్ళుగా కదలకుండా ఉన్న మీ తాత మ్యాసీ ట్రాక్టరును మళ్ళీ నడిపించాలనుకుంటున్నావని, దానికి ముందుగా ఎర్ర రంగు కొట్టించడానికి తిరుపతిలో ఒక పెయింటరును మాట్లాడుకున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. నీ ఆలోచన విని నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అయితే ఆ పెయింటరును మాత్రం ప్రస్తుతానికి రావద్దని చెప్పు. రంగు అన్నిటికంటే చివరి పని. పాత ట్రాక్టరులో ప్రతి భాగమూ ఎప్పుడో ఎక్కడో ఒక రైతుకు ఎదురైన కష్టానికి జవాబుగా పుట్టినదే కాబట్టి, అది ఎందుకు అలా ఉన్నదో తెలుసుకున్న తరువాతే దాని మీద పానా పెట్టాలి.

మొదటి మాట, దానిని వేరే బండికి కట్టి లాగించి స్టార్టు చేయించకు. నాకు ఇరవై ఆరేళ్ళున్నప్పుడు పాకాల వైపు ఒక రైతు బండి మూడేళ్ళు నిలిచిపోయి ఇంజను పట్టేసి ఉండగా, విత్తనాల అదును దాటిపోతున్నదని ఆయన తొందరపడ్డాడు, నేను ఆయన కంటే ఎక్కువ తొందరపడ్డాను. ముందు ఒక ట్రాక్టరుకు గొలుసు కట్టించి, మూడో గేరు వేసి క్లచ్ వదిలాను. వెనుక చక్రాలు ఎర్రమట్టిలో పది గజాల దూరం తిరగకుండానే ఈడ్చుకుపోయి, ఆ తరువాత ఒక్కసారిగా తిరిగాయి. లోపల టప్పుమని శబ్దం వచ్చింది. విప్పి చూస్తే రెండో సిలిండరులో పిస్టనును క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు వంగిపోయి, సిలిండరు లోపలి గొట్టమైన లైనరు పగిలి ఉంది. సామాను ఖర్చు నేనే రెండు విడతలుగా కట్టుకున్నాను కానీ, ఆ ఏడు ఆయన చేలో వేరుశనగ ఆలస్యంగా పడింది, దానిని నేను కట్టివ్వలేకపోయాను.

అందుచేత నీవు సిలిండర్లలోకి డీజిలు చిమ్మే మూడు నాజిళ్ళూ విప్పి, ఆ రంధ్రాల గుండా డీజిలు, ఇంజన్ ఆయిలు సగం సగం కలిపి ఒక్కొక్క సిలిండరులో చిన్న గ్లాసెడు పోసి, నాలుగైదు రోజులు అలాగే వదిలెయ్యి. తరువాత గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకుని, ముందరి క్రాంకు పుల్లీ బోల్టుకు పొడవాటి పానా వేసి మెల్లగా ఇటూ అటూ ఆడించు. ఒక్క అంగుళం కదిలినా చాలు, మళ్ళీ నూనె పోసి మరునాటికి వదిలెయ్యి. పూర్తిగా రెండు చుట్లు తిరిగిన తరువాత కూడా నాజిళ్ళు వెంటనే బిగించకూడదు. అవి లేకుండానే సెల్ఫ్ కొట్టి లోపల మిగిలిన నూనెనంతా బయటికి చిమ్మనివ్వాలి, ఎందుకంటే ద్రవం నలగదు, అది మిగిలి ఉంటే మళ్ళీ రాడ్డే వంగుతుంది.

ఇంజనుకు అడుగున ఉన్న డ్రెయిన్ బోల్టును ఒక ఉదయం పూట, ఏమీ కదిలించకముందే, రెండు మరలు మాత్రం వదులు చేసి చూడు. నీరు నూనె కంటే బరువైనది కాబట్టి లోపలికి దిగి ఉంటే ముందుగా అదే చుక్కలు చుక్కలుగా వస్తుంది. నీరు కనిపించిందంటే ఇంజను పై మూత అయిన హెడ్డు కింది గాస్కెటో, లైనరు కింది రింగులో పోయాయని అనుమానించి, ఆ ఇంజనును హెడ్డు దించకుండా నడపవద్దు.

ఇంజను మీద సింప్సన్ అన్న పేరు కనిపిస్తుంది. అది 1840లో గుర్రపు బండ్ల తయారీతో మద్రాసులో మొదలైన కంపెనీ. తరువాతి కాలంలో ఇంగ్లండు వారి పెర్కిన్స్ డీజిలు ఇంజన్లను అక్కడే తయారు చేసింది. దాని బృందానికే చెందిన టాఫే సంస్థ 1960లో మ్యాసీ ఫెర్గూసన్ సహకారంతో మొదలయింది. మద్రాసు మనకు ఒక పూట ప్రయాణమే కావడం వలన, ఆ రోజుల్లో మీ తాత ఉదయం బస్సెక్కి వెళ్ళి సాయంత్రానికి పిస్టన్ రింగుల సెట్టు సంచిలో వేసుకుని వచ్చేవాడు. మన వైపు పాత మ్యాసీలు ఇన్ని మిగలడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

క్లచ్ ప్లేటు మార్చవలసి వస్తే మాత్రం ఒంటరిగా పూనుకోకు. ఈ బండికి లారీకి ఉన్నట్లు కింద చాసిస్ కమ్ములు ఉండవు; ఇంజను, గేరు బాక్సు, వెనుక హౌసింగు ఒకదానికొకటి బోల్టులతో బిగిసి అవే బండి వెన్నెముక అవుతాయి. 1917లో హెన్రీ ఫోర్డు తెచ్చిన ఫోర్డ్‌సన్ ట్రాక్టరు ఈ పద్ధతితోనే తేలికగా, చవకగా తయారయి, అంతకుముందు ఆవిరి యంత్రాలంత బరువుతో ఉండే బండ్లను పక్కకు నెట్టింది. ఆ పొదుపుకు మనం చెల్లించే వెల ఏమిటంటే, క్లచ్ చూడాలంటే బండిని నడుమకు రెండుగా విడదీయాలి. ముందు ఇరుసు మధ్యలో పిన్ను మీద ఊగేలా ఉంటుంది కాబట్టి, విడదీసిన క్షణంలో ఇంజను భాగం పక్కకు ఒరిగిపోతుంది. బోల్టులు విప్పే ముందే ఇరుసుకు, పైన ఉన్న సపోర్టుకు మధ్య రెండు వైపులా గట్టి చింతకర్ర చీలలు కొట్టు. రెండు భాగాల కిందా దిమ్మలు పెట్టు, జాకీ ఒక్కదానినే నమ్ముకోవద్దు.

ఇక వెనుక ఉన్న మూడు లింకుల సంగతి కొంత వివరంగా వ్రాస్తాను, ఎందుకంటే ఈ బండి ప్రాణమంతా అక్కడే ఉంది. ఆ ఫోర్డ్‌సన్‌లలో ఒక ప్రాణాంతకమైన దోషం ఉండేది. వెనుక కొక్కేనికి తగిలించిన నాగలి భూమిలోని రాయికి తట్టుకుని ఆగిపోతే, చక్రాలు తిరగలేక బండి ముందు భాగమే గాలిలోకి లేచి, డ్రైవరు మీదికి తిరగబడేది. మొదటి ప్రపంచ యుద్ధంలో తిండిగింజల కొరత వచ్చినప్పుడు, 1917లో, ఐర్లండులో ట్రాక్టరు దుక్కిని మెరుగుపరిచే పనిని హ్యారీ ఫెర్గూసన్ అనే మెకానిక్‌కు అప్పగించారు. ఆయన నాగలిని లాగే బరువుగా కాక బండిలో ఒక భాగంగా చేయాలని పట్టుబట్టి, ఏళ్ళ తరబడి శ్రమించి, కింద రెండు లింకులు, పైన ఒక లింకు ఉన్న పద్ధతిని తెచ్చాడు. నాగలి రాయికి తగిలినప్పుడు పై లింకు ముందుకు తోస్తుంది, ఆ తోపుకు ముందు చక్రాలు నేలకు అదిమినట్లు ఉంటాయి. 1938లో ఆయన, హెన్రీ ఫోర్డు కాగితం లేకుండా చేతులు కలుపుకుని ఒప్పందం చేసుకున్నారు, మరుసటి ఏడు ఫోర్డు 9ఎన్ ట్రాక్టరు వచ్చింది. తరువాత ఆ స్నేహం కోర్టుకు ఎక్కినా, 1946 నుంచి 1956 వరకు కోవెంట్రీలో ఫెర్గూసన్ టీఈ20లు అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి. ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ 1958 జనవరిలో దక్షిణ ధ్రువాన్ని చేరింది ఆ చిన్న ట్రాక్టర్ల మీదనే. మన మ్యాసీ ఆ వంశంలోదే.

మన చేలల్లో ఎర్రమట్టి కింద ఎక్కడ రాయి ఉంటుందో తెలియదు కాబట్టి ఆ పద్ధతి విలువ నీకే ఎక్కువ తెలియాలి. సీటు వెనుక, టాప్ లింకు తగిలించే చోట లావాటి స్ప్రింగు ఒకటి ఉంటుంది. మట్టి బిగువుకు టాప్ లింకు ఆ స్ప్రింగును నొక్కినప్పుడు, నూనె ఒత్తిడితో లింకులను ఎత్తే హైడ్రాలిక్కు తనంత తానే మడకను కొద్దిగా పైకి ఎత్తుతుంది. ఇంజను ఆపి, టాప్ లింకు తీసేసి, ఆ స్ప్రింగును వేళ్ళతో పట్టుకుని చూడు. అది చేతికి తిరగాలి, కానీ ముందుకూ వెనక్కూ ఆడకూడదు. ఆడుతున్నదంటే లోతు నిలకడగా రాదు, దుక్కి చాలు ఒకచోట జానెడు, ఒకచోట బెత్తెడు అవుతుంది. చాలామంది పంపు పోయిందని వేలకు వేలు ఖర్చు పెట్టిన బండ్లలో నేను ఈ స్ప్రింగును సరిచేసి ఇచ్చాను. ఇంకొకటి, ఈ తరం మ్యాసీలలో హైడ్రాలిక్కు పంపు, వెనుక తగిలించే పనిముట్లను తిప్పే పీటీఓ షాఫ్టు మీదనే తిరుగుతుంది. లిఫ్టు లేవకపోతే ముందుగా ఎడమ వైపు పీటీఓ లివరు న్యూట్రల్‌లో ఉందేమో చూడు.

ఒక్క హెచ్చరిక మనసులో ఉంచుకో. బురదలో దిగబడిన బండిని గానీ, పడిన చెట్టును గానీ లాగవలసి వస్తే గొలుసును ఎప్పుడూ బండి వెనుక కింద ఉండే లాగుడు కమ్మీకే, అంటే డ్రాబారుకే కట్టాలి, టాప్ లింకు చోట కట్టరాదు. అక్కడ కడితే ఫెర్గూసన్ తప్పించిన ప్రమాదాన్ని మనమే మళ్ళీ పిలిచినట్లు అవుతుంది.

రంగు విషయానికి వస్తే, ఫెర్గూసన్ బండ్లు మొదట బూడిద రంగువి; 1953లో మ్యాసీ హ్యారిస్ కంపెనీతో కలిసిన తరువాత, 1957 చివరలో ఎరుపు, బూడిద రంగుల జోడి వచ్చింది. మన బండి మీద మీ తాత రెండుసార్లు రంగు వేయించాడు కాబట్టి, నంబరు ప్లేటు రేకును జాగ్రత్తగా విప్పి దాని కింద మిగిలిన అసలు రంగును చూసి, దానినే పెయింటరుకు చూపించు. చాసిస్ నంబరు చెక్కిన చోట గ్రైండరు ఆనించనివ్వకు. ఆ నంబరును ఆర్‌సీ కాగితంతో ఈ రోజే సరిపోల్చి చూసుకో.

వచ్చే ఆదివారం ఉదయం బస్సుకు నేను వస్తున్నాను. నీవు గురువారం నాటికి నాజిళ్ళు విప్పి నూనె పోసి ఉంచు. విప్పిన వాటిని ఏది ఏ సిలిండరుదో దారం కట్టి గుర్తు పెట్టి, శుభ్రమైన గుడ్డలో చుట్టు. రంధ్రాల్లో దుమ్ము పడకుండా మూతలు పెట్టడం మరువకు. పొడవాటి పానా నా దగ్గర ఉంది, తెస్తాను.

ఇట్లు,
పెదనాయన