తలనొప్పికి బయోఫీడ్‌బ్యాక్: మిర్చి ఘాటు అనుకున్న, భుజం అని తేలింది

మీ అమ్మకు ఏండ్ల నుంచి మైగ్రేన్ అని, కరీంనగర్‌ల ఒకరు 10 సిట్టింగుల బయోఫీడ్‌బ్యాక్ (ఒంట్ల ఏమైతున్నదో మిషన్ మీద చూసుకుంట, దాన్ని అదుపుల పెట్టుకునుడు నేర్చుకునే పద్ధతి) చేస్తమంటున్నరని, పోవాల్నా పైసలు దండగనా అని అడిగిన్రు. నాది మైగ్రేన్ కాదు గని, ఆ మిషన్ ముందట 8 సార్లు కూసున్నోణ్ణి, అందుకే రాస్తున్న.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌ల ఒక అడ్తి దుకాణంల గుమస్తాను. మిర్చి సీజన్ అంటె మాకు ఊపిరాడదు. పొద్దుగాల జెండాపాట, తర్వాత కాంటాలు, తక్‌పట్టీలు. ఒక చేత్తోని రాసుడు, ఫోన్ చెవికీ భుజానికీ నడుమ ఇరికిచ్చి ఖరీదుదార్లతోని మాట్లాడుడు. సాయంత్రం నాలుగు దాటిందంటె తలకు తువ్వాల చుట్టి బిగిచ్చినట్టు నొప్పి. మిర్చి ఘాటే అనుకున్న, యార్డుల ఎవరిని అడిగినా అదే మాట. కండ్లు చూపిచ్చుకున్న, బీపీ చూపిచ్చుకున్న, అన్నీ బాగనే ఉన్నయి. రోజుకో గోలి మింగుడు అలవాటైంది. డాక్టర్ ముందుగాల ఆ గోలీల మీదనే కోపానికొచ్చిండు: నెలల సగం రోజులు మామూలు నొప్పి గోలీలు వేసుకుంటె, ఆ గోలీలే తలనొప్పి తెస్తయట. అవి తగ్గిచ్చి, హన్మకొండల ఒక ఫిజియోథెరపీ మేడమ్ దగ్గరికి పంపిండు.

ఆమె నా నొసటికీ, మెడ కింద భుజం కండకూ ఈసీజీ తీసెటప్పుడు అతికిచ్చేటియి ఉంటయి సూడుండ్రి, అసొంటియి అతికిచ్చింది. కరెంటు పెడుతదేమో అని భయపడ్డ. పెట్టదట, కండ బిగిస్తె అందుల పుట్టే సన్నని కరెంటును అది చదువుతదట, అంతే. కంప్యూటర్ మీద ఒక గీత పోతుంటది. "వదులుగ కూసో" అన్నది. వదులుగనే కూసున్న అన్న. గీత మాత్రం పైననే ఉన్నది. ఫోన్ పట్టినట్టు భుజం లేపమన్నది, ఎగిరింది. దించమన్నది, దించిన. గీత దిగలె! నా సోయిల భుజం దిగింది, కండ మాత్రం ఇంకా ఫోన్ పట్టుకొనే ఉన్నది. తర్వాత ఏం మాట్లాడకుంట, తూకం కాడ రైతుతోని లొల్లి అయినట్టు మనసుల అనుకోమన్నది. చెయ్యి కదలలె, నోరు మెదపలె, గీత మళ్ల లేసింది. నాకు సిగ్గనిపిచ్చింది, నిజం చెప్తున్న.

దించాలె దించాలె అని పంతం పడితె ఇంకా పైకి పోతది. రెండు సిట్టింగులు అట్లనే పోయినయి. మూడోసారి విసుగొచ్చి, ఏదైతె అదైతది అని ఊపిరి పొడుగ్గ ఇడిసిన, అప్పుడు దిగింది. ఆ దిగినప్పుడు మెడల ఎట్లుంటదో గుర్తు పెట్టుకొనుడే అసలు పని. ఇప్పుడు మిషన్ లేకున్నా, ఫోన్ పెట్టేసినంక భుజం ఇంకా మీదనే ఉన్నదా అని చూసుకుంట. ఇయర్‌ఫోన్ కొనుక్కున్న. నొప్పి పూర్తిగ పోలె. సీజన్‌ల వారానికి ఒకటి రెండు సార్లు వస్తది, ముందు రోజూ వస్తుండె. మా అవ్వయితె "ఊపిరి ఇడిసెతందుకు గూడ ఫీజేందిరా" అని ఇంకా నవ్వుతది.

మీ అమ్మకు అయితె ఏలికి చిన్న సెన్సర్ పెట్టి వేడి చూస్తరు కావచ్చు. గాబరల రక్తనాళాలు బిగుసుకొని చేతులు సల్లబడుతయి, నిమ్మళం అయితె వెచ్చబడుతయి. అమెరికాల కాన్సస్ రాష్ట్రం టొపీకాల, మెన్నింగర్ ఫౌండేషన్ అనే మానసిక వైద్య సంస్థల ఎల్మర్ గ్రీన్ అనే పరిశోధకుని బృందం చేతులు వెచ్చజేసుకునుడు నేర్పి మైగ్రేన్‌కు వాడి చూసింది, అది 1960ల చివరి ముచ్చట. కాబట్టి నిన్న మొన్న పుట్టిన ఫ్యాషన్ కాదు. గుండె వేగంతోని చేసేది ఇంకొకటి: ఊపిరి పీలుస్తె గుండె కొంచెం ఉరుకుతది, ఇడిస్తె నెమ్మదిస్తది. నిమిషానికి ఆరు ఊపిర్ల దగ్గర ఆ ఊగుడు మస్తుగ కనిపిస్తది. తలనొప్పులకు, మైగ్రేన్‌కు బయోఫీడ్‌బ్యాక్‌తోని మేలు అయితదని పరిశోధనలు బాగనే ఉన్నయి. బీపీకి అంత గట్టిగ చెప్పలేం, ఆ గోలీలు మాత్రం ఆపద్దు. ఒక్కసారిగ ఎన్నడూ లేనంత నొప్పి వచ్చినా, మాట తడబడినా, చెయ్యి కాలు పడిపోయినా ఇవేం చూడకుంట ఆస్పత్రికి ఉరకాలె.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. ఫంక్షన్ హాళ్లల్ల క్యాంపు పెట్టి, చేతికి ఇనుప కడ్డీ ఇచ్చి, నిమిషంల లివర్ ఇట్ల, కిడ్నీ అట్ల అని చిట్టీ తీసి, ఎనుకనే మందుల డబ్బాలు అమ్మేటోళ్లు గూడ ఇదే పేరు చెప్తున్నరు. మా యార్డుల ఇద్దరు హమాలీలు అట్ల పైసలు పోగొట్టుకున్నరు. అసలు బయోఫీడ్‌బ్యాక్ రోగం పేరు చెప్పదు.

అందుకే 10 సిట్టింగుల పైసలు ముందే కట్టకుండ్రి, ఒక్కదానికి కట్టుండ్రి. ఆ రోజు అమ్మతోని లోపలికి పోయి, కంప్యూటర్ అమ్మ దిక్కు తిప్పిన్రా, వాళ్ల దిక్కే తిప్పుకున్నరా చూడుండ్రి. అమ్మకు అంకెలు, గీతలు చూసుడు ఇబ్బంది అయితె సౌండ్ పెట్టమనుండ్రి, చేతులు వెచ్చబడుతున్న కొద్దీ సప్పుడు మారుతది.