పై ముందు పన్ను తీయించాక చిగురు లోపలికి కుంగకుండా ఉండాలంటే

మీ పై ముందు పన్ను వేరు పగిలిందని, వచ్చే వారం తీసేస్తున్నారని, ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) తర్వాతెప్పుడో అని రాశారు కదండీ. చిగురు కుంగుతుందన్న మీ టెన్షన్ సరైనదే, కానీ జాగ్రత్తపడాల్సింది పన్ను తీయకముందే.

ముందు పళ్ళకు పెదవి వైపు ఎముక చాలాచోట్ల 1 మిల్లీమీటరు కూడా ఉండదు. పన్ను పోతే అది కరగడం మొదలవుతుంది, మొదటి మూడు నెలల్లోనే ఎక్కువగా. చిగురు దాని వెంటే దిగుతుంది. నాకు కింది దవడ పన్ను తీసి అలాగే వదిలేశారు. ఇప్పటికీ ఆ గుంటలో మెతుకులు ఇరుక్కుంటాయి.

అందుకే డాక్టరుగారిని 'సాకెట్ ప్రిజర్వేషన్' (పన్ను తీసిన గుంట కుంగకుండా కాపాడే పద్ధతి) గురించి ఇప్పుడే అడగండి. పన్నును మెల్లగా వదులు చేసి తీసి, గుంటలో బోన్ గ్రాఫ్ట్ పొడి (ఎముక స్థానంలో నింపే పదార్థం) నింపి, పైన పొర కప్పి కుట్టేస్తారు. కరగడం పూర్తిగా ఆగదు, బాగా తగ్గుతుంది. ఇంప్లాంట్‌కు సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలలు ఆగాలి. ఎముక గోడ చెక్కుచెదరకుండా ఉంటే కొందరికి అదే రోజు ఇంప్లాంట్ కూడా పెడతారు. అది స్కాన్ చూసి చెప్పాల్సిన మాట.

ఇంప్లాంట్ పెట్టేదాకా వాడే తాత్కాలిక పన్ను గ్రాఫ్ట్ మీద నొక్కకూడదు. షుగర్ ఉన్నా, ఎముకల బలానికి మందులు వాడుతున్నా ముందే చెప్పండి. సిగరెట్ అలవాటుంటే దయచేసి మానేయండి.